స్కీ ప్యాంటును కింది అంచు నుంచి పరీక్షించండి

గుల్మార్గ్‌లోనో ఔలీలోనో స్కీయింగ్ నేర్చుకునేవారూ, అమెరికాలో కొలరాడో, వాషింగ్టన్ వంటి రాష్ట్రాల్లో స్థిరపడి ప్రతి చలికాలమూ మంచు కొండలకు వెళ్లే తెలుగువారూ స్కీ ప్యాంటు కొనేటప్పుడు సాధారణంగా ముందు చూసేది నీటిని ఎంత ఆపుతుందో చెప్పే అంకెను, ఆ తరువాత ధరను. రెండు మూడు రోజుల విహారానికైతే అద్దె ప్యాంటు సరిపోతుంది. ఏటా వారాల తరబడి మంచు మీద గడిపేవారు మాత్రం ప్యాంటు ముందుగా ఎక్కడ చిరుగుతుందో తెలుసుకుని, పరీక్షను అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

ఆ చోటు చీలమండల లోపలి వైపు. మంచు మీద జారడానికి బూట్లకు బిగించుకునే పొడవాటి పలకలైన స్కీల అడుగున రెండు పక్కలా ఉక్కు అంచులు ఉంటాయి. గట్టిపడిన మంచును పట్టుకోవడానికి వాటికి పదును పెడతారు. ఒక స్కీ రెండో కాలిని రాసుకున్న ప్రతిసారీ ఆ అంచు బట్టను కోస్తుంది, కొత్తగా నేర్చుకునేవారికి ఇది రోజుకు ఎన్నో సార్లు జరుగుతుంది. అందుకే మంచి ప్యాంటుకు అక్కడ దళసరి నైలాన్ అతుకు వేస్తారు. అది కింది అంచు నుంచి కనీసం జానెడు ఎత్తు ఉండాలి. ఆ అతుకు అంచులు లోపలికి మడిచి రెండు వరుసల కుట్టు వేసి ఉండాలి. కేవలం జిగురుతో అంటించిన అతుకు ఎక్కువ కాలం నిలవదని నా అభిప్రాయం. లోపల బూటును పట్టి ఉంచే ఎలాస్టిక్ గెయిటర్‌ను కూడా తిరగేసి చూడండి, ఎందుకంటే బూటు బకిల్స్ ముందుగా చింపేది దాన్నే. పొడవును స్కీ బూట్లు వేసుకునే సరిచూడాలి. మడమ కింద పడిన అంచు కొండ మీద కంటే పార్కింగ్ స్థలంలో నడిచేటప్పుడే ఎక్కువ అరుగుతుంది.

బట్ట విషయంలో డెనియర్ అనే మాట ఎదురవుతుంది. 9,000 మీటర్ల నూలు ఎన్ని గ్రాములు తూగుతుందో అదే దాని డెనియర్. అంటే అది నూలు మందాన్ని చెబుతుంది కానీ బట్ట గట్టిదనాన్ని పూర్తిగా చెప్పదు. నేత ఎంత చిక్కగా ఉంది, నూలు దేనితో చేసింది అనేవి కూడా లెక్కలోకి వస్తాయి. ఒకే బరువులో పాలియెస్టర్ కంటే నైలాన్ రాపిడికి బాగా ఆగుతుంది. కఠినమైన వాడకానికి పైబట్ట 70 డెనియర్‌కు తగ్గని నైలాన్‌తోను, అతుకులు అంతకు ఎన్నో రెట్లు మందంగాను ఉన్న ప్యాంటునే నేను ఎంచుకుంటాను. సాగే బట్ట హాయిగా ఉంటుంది కానీ, పదునైన అంచు తగిలితే సులభంగా దారాలు లేస్తాయి.

తరువాత చూడవలసింది రెండు కాళ్లూ కలిసే చోటు. నాలుగు కుట్లు ఒకే బిందువులో కలిస్తే లాగుడంతా అక్కడే పడుతుంది. మధ్యలో విడిగా ఒక ముక్క వేసి కుట్టినప్పుడు ఆ బలం పంచుకుపోతుంది. దుకాణంలోనే పూర్తిగా గొంతుకు కూర్చుని చూడండి. కుట్టు విచ్చుకున్నట్టు కనబడితే, ఎంత నచ్చినా, ఒక సైజు పెద్దది తీసుకోండి. లిఫ్టు కుర్చీల మీదా మంచు మీదా మాటిమాటికీ కూర్చుంటాం కనుక వెనుక భాగానికి కూడా అదనపు పొర ఉండటం మేలు. జిప్పులను చేతి గ్లవ్స్‌తోనే తెరిచి మూయాలి, నడుము దగ్గర ఒకే స్నాప్ బటన్ మీద ఆధారపడని రకాన్ని ఎంచుకోవాలి.

ఇక నీటిని ఆపే అంకె. ఎంత ఎత్తు నీటి ఒత్తిడి పడినా బట్ట కారకుండా ఆపుతుందో అది మిల్లీమీటర్లలో చెబుతుంది. పొడి మంచుకు 10,000 మిల్లీమీటర్లు చాలు. వాషింగ్టన్‌లోని కాస్కేడ్ కొండల్లో పడే తడి మంచుకు 20,000 ఉంటే నిశ్చింత. కుట్లన్నింటికీ లోపల టేపు ఉందో లేదో చూడటం ఈ అంకె కంటే ముఖ్యం. మూడు పొరలు ఒకటిగా అతికిన బట్టకు ధర ఎక్కువే అయినా, వేలాడే లైనింగ్ ఉండదు కనుక లోపల చిరగడానికి ఏమీ మిగలదు.

విశాఖ, విజయవాడ వంటి ఉక్కపోత ఊళ్లలో దాచుకునేవారు మరింత జాగ్రత్త పడాలి. పాలీయురేథేన్ పూత తేమ వల్ల క్రమంగా విడిపోయి పొరలుగా రాలుతుంది కాబట్టి, ప్యాంటును పూర్తిగా ఆరబెట్టి, ప్లాస్టిక్ సంచిలో బిగించకుండా గాలి తగిలే చోట వేలాడదీయాలి. ఉతికేటప్పుడు ఫాబ్రిక్ కండిషనర్ వాడకూడదు, అది నీటిని జార్చే పూతను పాడుచేస్తుంది. చిన్న కోత పడితే దానంతట అదే అంటుకునే నైలాన్ ముక్కను మూలలు గుండ్రంగా కత్తిరించి అతికించండి. మూలలు కోణంగా ఉంటే అక్కడి నుంచే లేస్తుంది. పెద్ద చిరుగును కుట్టించక తప్పకపోతే, సూది చేసిన రంధ్రాల మీద లోపలి వైపు సీమ్ సీలర్ (కుట్ల రంధ్రాలను మూసే జిగురు) పూసి, అది పూర్తిగా ఆరిన తరువాతే మళ్లీ మంచులోకి వెళ్లండి.