కంపెనీ పనితీరును అంచనా వేయడం బిజినెస్ విద్యార్థులకు ఎలా నేర్పాలి?

విజయవాడ, గుంటూరు కాలేజీలలో బీకాం, బీబీఏ, ఎంబీఏ పాఠాలు చెప్పే అధ్యాపకుల కోసం, సొంతంగా నేర్చుకోదలచిన విద్యార్థుల కోసం ఇది రాస్తున్నాను. మన పిల్లలకు లెక్క రాదని ఎవరూ అనలేరు. కరెంట్ రేషియో (ఏడాదిలోపు నగదు కాగల ఆస్తులు, ఏడాదిలోపు తీర్చవలసిన అప్పులకు ఎన్ని రెట్లు అన్నది) కట్టమంటే నిమిషంలో కట్టి, 1.4 అని రాసి, కింద గీత గీసి తరువాతి ప్రశ్నకు వెళ్తారు. ఆ 1.4 ఈ వ్యాపారానికి సరిపోతుందా, పోయిన ఏడాది ఎంత ఉంది, ఎందుకు మారింది అని అడిగినప్పుడు కలం ఆగిపోతుంది. నేర్పవలసింది అక్కడి నుంచే. అందుకు కావలసిన వ్యాపారాలన్నీ మన చుట్టూనే ఉన్నాయి. పాల డెయిరీలు, స్పిన్నింగ్ మిల్లులు, చక్కెర, మిర్చి ఎగుమతులు, ఆటోనగర్ షెడ్లు, ఆర్టీసీ డిపోలు చాలు.

మొదటి అడుగు: సూత్రం కన్నా ముందు వ్యాపారం

మొదటి రోజు బోర్డు మీద ఒక్క సూత్రం కూడా రాయకండి. ప్రతి విద్యార్థిని తనకు బాగా తెలిసిన వ్యాపారం ఒకటి ఎంచుకుని, నాలుగు ప్రశ్నలకు ఒక పేజీలో జవాబు రాయమనండి. డబ్బు ఏ నెలలో బయటికి వెళ్తుంది? ఏ నెలలో తిరిగి వస్తుంది? ఈలోగా అది ఏ రూపంలో ఉంటుంది? అంతకాలం దాని మీద వడ్డీ ఎవరు భరిస్తారు?

పాల వ్యాపారంలో ఉదయం అమ్మిన ప్యాకెట్ డబ్బు త్వరగా చేతికి వస్తుంది, రైతుకు బిల్లు కొన్ని రోజులు ఆగి ఇస్తారు. లారీ బాడీ కట్టే షెడ్డులో ఇనుము, చెక్క ముందే కొనాలి, పూర్తి సొమ్ము బండి బయటికి వెళ్లేటప్పుడు గాని రాదు. క్లాసులో ఎవరి ఇంట్లోనైనా దుకాణమో, కమీషన్ వ్యాపారమో, వ్యవసాయమో ఉంటే వాళ్లను ముందు మాట్లాడనివ్వండి. మార్కులలో వెనకబడిన పిల్లలు ఈ చర్చలో ముందుకు వస్తారు. వర్కింగ్ క్యాపిటల్ (రోజువారీ వ్యాపారంలో తిరిగే సొమ్ము) అనే మాట తరువాత ఎప్పుడు చెప్పినా వాళ్లకు తెలిసిన సంగతికి పేరు పెట్టినట్టే ఉంటుంది.

రెండో అడుగు: రెండు నివేదికలు పక్కపక్కన

లిస్టెడ్ కంపెనీల (స్టాక్ ఎక్స్ఛేంజిలో వాటాలు అమ్ముడయ్యే కంపెనీల) వార్షిక నివేదికలు బీఎస్‌ఈ, ఎన్‌ఎస్‌ఈ స్టాక్ ఎక్స్ఛేంజిల వెబ్‌సైట్లలో ఉచితంగా దొరుకుతాయి. ఒకే రంగానికి చెందిన రెండు కంపెనీలను తీసుకోండి. హెరిటేజ్ ఫుడ్స్, దొడ్ల డెయిరీ మంచి జంట. రెండూ లిస్టెడ్ డెయిరీలే, రెండూ తెలుగువారికి తెలిసిన పేర్లే. ఒక్క కంపెనీ నివేదికే ఇస్తే విద్యార్థి ఆ కంపెనీ చెప్పిందే నమ్ముతాడు. రెండోది పక్కన పెట్టగానే ప్రశ్నలు పుడతాయి.

చదివే క్రమం కూడా ముఖ్యమే. ముందు క్యాష్ ఫ్లో స్టేట్‌మెంట్ (నగదు రాకపోకల పట్టిక), తరువాత లాభనష్టాల ఖాతా, ఆ తరువాత బ్యాలెన్స్ షీట్ (ఆస్తి అప్పుల పట్టిక), దాని నోట్స్ (అంకెల వెనక వివరాలు), ఆడిటర్ నివేదిక. ఛైర్మన్ సందేశం అన్నిటికన్నా చివర. రంగుల బొమ్మలతో వచ్చే ఆ సందేశాన్ని ముందే చదివితే, మిగతా అంకెలన్నీ దానికి సాక్ష్యాలుగా కనిపిస్తాయి.

రేషియోలు కట్టడానికి ఇప్పుడు పెద్దగా సమయం వెచ్చించనవసరం లేదు. కంపెనీల చట్టం మూడో షెడ్యూలుకు చేసిన సవరణ ప్రకారం, 2021 ఏప్రిల్ 1 నుంచి కంపెనీలు 11 రేషియోలను నోట్స్‌లోనే ఇవ్వాలి. ఏదైనా రేషియో పోయిన ఏడాదితో పోలిస్తే 25 శాతానికి మించి మారితే కారణం కూడా రాయాలి. అధ్యాపకుడికి ఇంతకన్నా మంచి సాధనం దొరకదు. కారణం రాసిన గడిని కాగితంతో మూసి పట్టిక ఇవ్వండి. ఎందుకు మారిందో విద్యార్థులు మిగతా నోట్స్ వెతికి ఊహించాలి. తరువాత కాగితం తీసి చూపించండి. కంపెనీ చెప్పిన కారణం చాలాసార్లు ఒక్క పొడి వాక్యమే అయి ఉంటుంది. అది నిజంగా కారణమా, లేక జరిగినదాన్నే మరో మాటలో చెప్పడమా అన్నది అసలు చర్చ.

మూడో అడుగు: లాభాన్ని విడదీయడం

బోర్డు మీద రెండు ఊహా వ్యాపారాలు రాయండి. ఒక డెయిరీ: అమ్మకాలు 100 కోట్లు, లాభం 2 కోట్లు, మొత్తం ఆస్తులు 20 కోట్లు, అందులో యజమానుల సొమ్ము 10 కోట్లు. ఒక స్పిన్నింగ్ మిల్లు: అమ్మకాలు అవే 100 కోట్లు, లాభం 4 కోట్లు, ఆస్తులు 100 కోట్లు, యజమానుల సొమ్ము 40 కోట్లు. ఏది మెరుగు అని చేతులు ఎత్తమంటే ఎక్కువ మంది మిల్లు వైపే ఎత్తుతారు, లాభం రెట్టింపు కాబట్టి.

ఇప్పుడు విడదీసి చూపండి. డెయిరీ మార్జిన్ (అమ్మకాలలో లాభం వాటా) 2 శాతమే, కాని ఆస్తులు ఏడాదికి 5 సార్లు తిరుగుతున్నాయి, ఆస్తులు సొంత సొమ్ముకు 2 రెట్లు. 2 × 5 × 2 = 20 శాతం. మిల్లుకు 4 × 1 × 2.5 = 10 శాతం. యజమాని పెట్టిన ప్రతి వంద రూపాయలకు డెయిరీ ఇరవై సంపాదిస్తే, మిల్లు పది సంపాదిస్తోంది. మార్జిన్‌ను, ఆస్తుల టర్నోవర్‌ను (ఆస్తులు ఏడాదికి ఎన్నిసార్లు తిరిగాయన్నదాన్ని) గుణించి చూసే ఈ పద్ధతిని వందేళ్ల కిందట అమెరికాలోని డ్యూపాంట్ కంపెనీలో డొనాల్డ్‌సన్ బ్రౌన్ మొదలుపెట్టాడు. అప్పుల గుణకం, అంటే ఆస్తులు సొంత సొమ్ముకు ఎన్ని రెట్లో చెప్పే మూడో అంకె, తరువాతి కాలంలో చేరింది.

అక్కడితో ఆపితే పాఠం సగమే. పాల సేకరణ ధర లీటరుకు కొద్దిగా పెరిగి, ఆ పెరుగుదలను అమ్మకం ధరలో చేర్చలేకపోతే ఆ 2 శాతం ఏమవుతుందో లెక్కకట్టించండి. పలుచని మార్జిన్ మీద నడిచే వ్యాపారంలో ప్రమాదం ఎక్కడుందో అప్పుడు తెలుస్తుంది.

నాలుగో అడుగు: మార్చి 31 ఏ రుతువులో వస్తుంది?

ఈ అడుగుకు ఒక వారం మొత్తం కేటాయించినా తప్పు లేదు. బయటి ఊళ్లలో అచ్చయ్యే పుస్తకాలలో ఇది కనిపించదు, మన ప్రాంతపు వ్యాపారాలకు మాత్రం ఇదే కీలకం.

మన లెక్కల సంవత్సరం మార్చి 31న ముగుస్తుంది. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు గుంటూరు మిర్చి యార్డుకు టిక్కీలు (మిర్చి బస్తాలు) వెల్లువలా వచ్చే కాలం కూడా అదే. ఎగుమతిదారు ఏడాది పొడవునా పంపవలసిన సరుకులో పెద్ద భాగాన్ని ఆ నెలల్లోనే కొని కోల్డ్ స్టోరేజీలో పెడతాడు. ఉయ్యూరు లాంటి చోట్ల చక్కెర మిల్లులదీ ఇదే కథ. గానుగ శీతకాలంలో మొదలై వేసవి ముఖానికి ముగుస్తుంది, చక్కెర మాత్రం ఏడాదంతా అమ్ముతారు. అంటే బ్యాలెన్స్ షీట్ తయారయ్యే రోజున సరుకు నిల్వ, దాని కోసం తెచ్చిన బ్యాంకు అప్పు రెండూ శిఖరం దగ్గర ఉంటాయి.

దీన్ని అంకెలతో చూపండి. ఒక మిర్చి ఎగుమతి సంస్థ ఏడాదిలో అమ్మిన సరుకు ఖరీదు 60 కోట్లు అనుకుందాం. మార్చి 31న నిల్వ 20 కోట్లు. సరుకు ఏడాదికి 3 సార్లు తిరిగింది, సగటున 122 రోజులు గోదాములో ఉంది అని లెక్క వస్తుంది. ప్రతి నెలాఖరు నిల్వలు తీసుకుని సగటు కడితే 8 కోట్లే అయిందనుకోండి. అప్పుడు 7.5 సార్లు, సుమారు 49 రోజులు. సంస్థ అదే, సంవత్సరం అదే, తీర్పు మాత్రం తలకిందులైంది. ప్రారంభ నిల్వను, ముగింపు నిల్వను కలిపి రెండుతో భాగిస్తే సరిపోతుందని ఒక విద్యార్థి తప్పక అంటాడు. ఆ రెండూ మార్చి 31 అంకెలేనని క్లాసే అతనికి చెప్పేదాకా ఆగండి. లిస్టెడ్ కంపెనీలైతే సెప్టెంబర్ 30 నాటి అర్ధ సంవత్సరపు ఆస్తి అప్పుల వివరాలు కూడా ప్రకటిస్తాయి. వాటిని పక్కన పెట్టి చూడడం అలవాటు చేయాలి.

ఇక్కడే నిల్వ విలువ సంగతి కూడా వస్తుంది. కొన్న ఖరీదు, ఖర్చులు పోను అమ్మితే వచ్చే ధర, ఈ రెండింటిలో ఏది తక్కువైతే దాని చొప్పునే నిల్వకు విలువ కట్టాలి. 2025 తొలి నెలల్లో మిర్చి ధరలు పడిపోయి, కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయల ధర ప్రకటించిన సంగతి రైతు కుటుంబాల పిల్లలకు బాగా గుర్తుంటుంది. క్వింటాలు 15,000కు కొన్న వెయ్యి క్వింటాళ్లకు మార్చి 31న 12,000 మాత్రమే వచ్చేలా ఉంటే, ఒక్క టిక్కీ అమ్మకుండానే 30 లక్షల నష్టం లెక్కలోకి ఎక్కుతుంది. ఆ పని చేయని సంస్థ లాభం ఎంత నమ్మదగినదో విద్యార్థులే చెప్పాలి.

వీలైతే క్లాసును ఒక కోల్డ్ స్టోరేజీకి తీసుకువెళ్లండి. లోపల పేర్చిన సరుకు ఎవరి ఆస్తి అని అడగండి. కొంత రైతుది, కొంత వ్యాపారిది. దాని మీద బ్యాంకు అప్పు ఇచ్చి ఉండవచ్చు. కోల్డ్ స్టోరేజీ యజమాని బ్యాలెన్స్ షీట్‌లో మాత్రం ఆ మిర్చి ఉండదు. ఆయన సంపాదన అద్దె, ఆయన పనితీరు చెప్పే అంకెలు గదులు ఎంత మేరకు, ఎన్ని నెలలు నిండాయన్నది, కరెంటు బిల్లు ఎంత వచ్చిందన్నది. కంటి ముందున్నదంతా ఆస్తి కాదని ఈ సందర్శన చెప్పినంత గట్టిగా ఏ పాఠమూ చెప్పదు.

ఐదో అడుగు: లాభం నగదుగా మారిందా?

ఐదేళ్ల నికర లాభాలు కూడించండి. అదే ఐదేళ్లలో వ్యాపారం నుంచి వచ్చిన నగదు కూడించండి. రెండో మొత్తం మొదటిదానికన్నా బాగా తక్కువగా ఉంటే, తేడా ఎక్కడ ఇరుక్కుందో వెతకాలి: రావలసిన బాకీలలోనా, నిల్వలోనా? నగదు బాగా కనిపించినా తృప్తి పడకూడదు. చిన్న పరిశ్రమలకు 45 రోజులు దాటకుండా చెల్లించాలని 2006 నాటి ఎంఎస్‌ఎంఈ చట్టం చెబుతోంది. వాళ్లకు ఇవ్వవలసిన బాకీలను కంపెనీలు విడిగా చూపుతాయి. ఆటోనగర్‌లాంటి చోట చిన్న షెడ్డు నడిపే మనిషిని నెలల తరబడి తిప్పించుకుని చూపిన నగదును మంచి పనితీరు అని నేను ఒప్పుకోను, విద్యార్థులూ ఒప్పుకోకూడదని కోరుకుంటాను.

అంకెలే అబద్ధమైతే? దీనికి హైదరాబాద్ ఐటీ కంపెనీ సత్యం కంప్యూటర్స్‌ను మించిన పాఠం తెలుగు విద్యార్థికి లేదు. 2009 జనవరి 7న ఛైర్మన్ రామలింగరాజు రాసిన లేఖ ప్రకారం, 2008 సెప్టెంబర్ నాటి లెక్కల్లో చూపిన 5,361 కోట్ల నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు లేనివే. ఆ త్రైమాసికంలో 24 శాతంగా చూపిన ఆపరేటింగ్ మార్జిన్ నిజానికి 3 శాతం. 24 శాతం అన్నది ఆనాటి పెద్ద ఐటీ కంపెనీల పక్కన పెడితే వింతగా కనిపించే అంకె కాదు, కాబట్టి తోటి కంపెనీలతో పోల్చినంత మాత్రాన మోసం బయటపడేది కాదు. కార్పొరేట్ పాలనకు 2008లో గోల్డెన్ పీకాక్ అవార్డు కూడా ఆ కంపెనీకి వచ్చింది. ఇంత నగదు ఎక్కడ ఉంది, దాని మీద వడ్డీ నిజంగా చేతికి వచ్చిందా, వాటాదారులకు ఎందుకు పంచలేదు అనే ప్రశ్నలు అడగడం మన విద్యార్థికి అలవాటు కావాలి.

ఆరో అడుగు: ఎవరి కోసం పనితీరు?

వడ్లమూడిలోని సంగం డెయిరీ పాల ఉత్పత్తిదారుల కంపెనీ. విజయ పాలు అమ్మే కృష్ణా మిల్క్ యూనియన్ సహకార సంఘం. వీటిలో సభ్యులే పాలు పోసే రైతులు. పాలకు మంచి ధర, బోనస్ ఇస్తే లాభం తగ్గుతుంది, అది సంస్థ తన పని చేసినట్టే. వీటిని ప్రైవేటు డెయిరీ పక్కన పెట్టి నికర లాభంతో పోల్చిన విద్యార్థికి, లీటరుకు రైతు చేతికి ఎంత అందింది అనే గడి కూడా పట్టికలో చేర్చమని చెప్పాలి.

ఆర్టీసీ మరో మంచి ఉదాహరణ. అక్కడి వాళ్లు కిలోమీటరుకు రాబడి, లీటరు డీజిలుకు ఎన్ని కిలోమీటర్లు, ఆక్యుపెన్సీ రేషియో (సీట్లు ఎంత మేరకు నిండాయన్నది) అనే కొలతలతో రోజూ పని చేస్తారు. 2025 ఆగస్టు 15న స్త్రీ శక్తి పథకం మొదలయ్యాక మహిళలు డబ్బు కట్టనవసరం లేని జీరో టికెట్‌తో ప్రయాణిస్తున్నారు. బస్సు నిండితే పనితీరు పెరిగినట్టేనా? టికెట్ సొమ్ము ప్రభుత్వం నుంచి ఎప్పుడు వస్తుంది? చదువుకో, పనికో వెళ్లగలిగిన మహిళల సంఖ్యను ఏ గడిలో రాయాలి? క్లాసును నెహ్రూ బస్ స్టేషన్‌కు పంపి, తిరిగి వచ్చాక వాదించుకోనివ్వండి. కస్టమర్లు, అంతర్గత ప్రక్రియలు, నేర్చుకోవడం, ఆర్థికం అని కాప్లాన్, నార్టన్ 1992లో ప్రతిపాదించిన బ్యాలెన్స్‌డ్ స్కోర్‌కార్డును ఆ వాదన తరువాత చెబితే పది నిమిషాల్లో అర్థమవుతుంది.

ఏడో అడుగు: ఒక్క పేజీ తీర్పు

చివరికి ప్రతి విద్యార్థి ఒక్క పేజీ రాయాలి. ఎవరికి రాస్తున్నాడో ముందే నిర్ణయించండి: అప్పు ఇవ్వవలసిన బ్యాంకు మేనేజరుకా, వాటా ఉన్న రైతుకా, ఉద్యోగంలో చేరబోతున్న స్నేహితుడికా? మొదటి వాక్యంలోనే తీర్పు ఉండాలి. తరువాత మూడు ఆధారాలు, నివేదికలో పేజీ సంఖ్యతో సహా. ఆ తరువాత, ఏ సంగతి తెలిస్తే తన తీర్పు మార్చుకుంటాడో ఒక వాక్యం. ఆఖరున రాబోయే త్రైమాసికంలో అమ్మకాలు, మార్జిన్ ఎటు పోతాయో తన అంచనా. లెక్కకు ఐదో వంతుకు మించి మార్కులు ఇవ్వకండి, మిగతావన్నీ ఆధారానికి, తర్కానికి ఇవ్వండి. బ్యాంకు మేనేజరుకు రాసిన తీర్పు, రైతుకు రాసిన తీర్పు ఒకే కంపెనీ మీద వేరుగా ఉంటే రెండింటికీ పూర్తి మార్కులు రావచ్చు.

ఆ పేజీలు దాచి ఉంచండి. త్రైమాసికం ముగిసిన 45 రోజుల్లోపు (ఏడాది చివరి త్రైమాసికానికి 60 రోజుల్లోపు) లిస్టెడ్ కంపెనీలు ఫలితాలు ప్రకటించాలి, అంటే సెమిస్టరు ముగిసేలోపే చాలాసార్లు జవాబు వచ్చేస్తుంది. ఆ రోజు పేజీలు తిరిగి ఇచ్చి, అంచనా ఎక్కడ కలిసింది, ఎక్కడ తప్పింది, ఏ నోట్ చదివి ఉంటే ముందే తెలిసేది అని రెండో పేజీ రాయించండి. అంచనా తప్పిన విద్యార్థి కూడా ఈ రెండో పేజీలో క్లాసులోకెల్లా ఎక్కువ మార్కులు తెచ్చుకోగలిగేలా దాని బరువు ఉంచండి.