బెంగళూరు నుంచి సైలెంట్ వ్యాలీ వెళ్ళాలంటే: జీపు టైము, జలగలు, ఇంకొన్ని జాగ్రత్తలు

లాంగ్ వీకెండ్ వచ్చిందంటే చాలు బెంగళూరులో ఉన్న మనవాళ్ళందరం కూర్గ్, చిక్కమగళూరు, ఊటీ అని బయల్దేరిపోతాం, నేనూ ఏళ్ళ తరబడి అవే తిరిగా. కానీ అడవి అంటే ఏంటో నిజంగా చూడాలని ఉంటే మాత్రం ఒక్కసారి కేరళలో, పాలక్కాడ్ జిల్లాలో ఉన్న సైలెంట్ వ్యాలీ నేషనల్ పార్కుకి వెళ్ళండి. నేను రెండుసార్లు వెళ్ళా. మొదటిసారి జూలైలో ఫ్రెండ్స్‌తో వెళ్ళి గేటు దాకా పోయి వెనక్కొచ్చేశాం, రెండోసారి జనవరిలో అమ్మానాన్నని తీసుకెళ్ళా, అప్పుడు మాత్రం ఏ ఇబ్బందీ లేకుండా చూసొచ్చాం. ఆ రెండు ట్రిప్పుల్లో తెలిసినవన్నీ రాస్తున్నా, ఎవరికైనా పనికొస్తాయి.

ముందు ఒక మాట. బందీపూర్, కబిని సఫారీలాగా పులి కనిపిస్తుంది, ఏనుగులు రోడ్డు దాటతాయి అనుకుని వెళ్తే నిరాశ పడతారు. ఇది దట్టమైన వర్షారణ్యం, జంతువులు ఉన్నా చెట్ల వెనకే ఉంటాయి. ఇక్కడ చూడాల్సింది అడవినే. చెట్లు, నాచు, పొగమంచు, కింద ఏరు, అంతే. పిల్లలకి కూడా ముందే చెప్పి తీసుకెళ్ళండి, లేకపోతే జీపు ఎక్కిన అరగంటకే పులేదీ అని అడుగుతారు.

అన్నిటికన్నా ముఖ్యమైంది టైము. పార్కుకి గేటు ముక్కాలి అనే చిన్న ఊళ్ళో ఉంది. అక్కడి నుంచి లోపల సైరంధ్రి అనే చోటు దాకా సుమారు 23 కిలోమీటర్లు, అంతవరకే బళ్ళని పంపిస్తారు. సొంత కారు లోపలికి పోనివ్వరు, ఫారెస్ట్ వాళ్ళ ఏర్పాటుతో నడిచే బండిలోనే, గైడ్‌తో కలిసి వెళ్ళాలి. రోజుకి ఇన్ని బళ్ళే అని లెక్క ఉంటుంది, మధ్యాహ్నం దాటితే ఇంక పంపరు. మేం మొదటిసారి ఒక ట్రావెల్స్ ఆయన మాట నమ్మాం, మీ బండే లోపలిదాకా పోతుందండీ అన్నాడు, దాంతో కోయంబత్తూరులో తీరిగ్గా టిఫిన్ తిని, దారిలో రెండుచోట్ల ఆగి, ముక్కాలి చేరేసరికి పన్నెండున్నర. ఆ రోజు జీపులన్నీ అయిపోయాయి. వానలో గేటు దగ్గర టీ తాగి వెనక్కొచ్చేశాం, నాలుగు వందల పైచిలుకు కిలోమీటర్లు వెళ్ళి!

అందుకే ముందురోజు సాయంత్రానికే ముక్కాలి దగ్గరకో, కనీసం కింద ఉన్న మన్నార్‌క్కాడ్ టౌనుకో చేరిపోయి రాత్రి అక్కడే ఉండండి. పొద్దున ఎనిమిదికల్లా కౌంటర్ దగ్గర ఉండాలి. ముక్కాలిలో ఫారెస్ట్ వాళ్ళ బసతో పాటు ప్రైవేట్ హోమ్‌స్టేలు ఉన్నాయి, మన్నార్‌క్కాడ్‌లో మామూలు లాడ్జీలు దొరుకుతాయి. బయల్దేరే ముందు ముక్కాలి ఆఫీసుకి ఫోన్ చేసి బండి బుక్ చేసుకోవచ్చా, ఆ రోజు పార్కు తెరిచుందా, రేటెంత అని అడిగేయండి. వానలు గట్టిగా పడ్డా, ఘాట్‌లో కొండచరియలు విరిగిపడ్డా మూసేస్తారు. రేట్లు మారుతుంటాయి కాబట్టి ఎప్పటిదో యూట్యూబ్ వీడియో చూసి లెక్క వేసుకోకండి.

బెంగళూరు నుంచి చేరడం కష్టమేం కాదు. రాత్రి కన్యాకుమారి వెళ్ళే ఐలాండ్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే కుప్పం, సేలం, కోయంబత్తూరు మీదుగా తెల్లారేలోపే పాలక్కాడ్‌లో దించుతుంది. మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్ వైపు వాళ్ళు మెజెస్టిక్ దాకా పోకుండా కేఆర్ పురంలో ఎక్కితే ప్రాణానికి సుఖం. పాలక్కాడ్ నుంచి మన్నార్‌క్కాడ్, అక్కడి నుంచి అట్టప్పాడి (ముక్కాలి ఉన్న కొండ ప్రాంతం) ఘాట్ ఎక్కి ముక్కాలి, మొత్తం ఓ అరవై కిలోమీటర్లు, బస్సులు ఉంటాయి, నలుగురుంటే ట్యాక్సీ మేలు. కారులో అయితే హోసూరు, కృష్ణగిరి, సేలం, కోయంబత్తూరు, అక్కడి నుంచి ఆనైకట్టి, అగళి మీదుగా కూడా వెళ్ళొచ్చు. కానీ ఆనైకట్టి దారిలో ఏనుగులు తిరుగుతాయి, పొద్దుగూకాక ఆ రోడ్డు పెట్టుకోవద్దు, దయచేసి.

ఏ నెలలో వెళ్ళాలి అంటే నా మాట డిసెంబర్ నుంచి ఫిబ్రవరి. మార్చి, ఏప్రిల్ కూడా పర్లేదు. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా వాన కుమ్మేస్తుంది, అడవి అందంగా ఉంటుంది నిజమే కానీ పెద్దవాళ్ళతో, పిల్లలతో ఆ టైములో వద్దు.

ఇప్పుడు జలగల సంగతి. చాలామంది దీనికే భయపడి మానేస్తారు, అంత భయం అక్కర్లేదు. తడి ఆకుల మీద అగ్గిపుల్లంత సన్నగా నిలబడి తల ఊపుతూ ఉంటాయి, మన అడుగుల చప్పుడు, ఒంటి వేడి తెలియగానే బూటు మీదికి ఎక్కేస్తాయి. మామూలు సాక్సు అల్లిక సందుల్లోంచి కూడా కరుస్తాయి, అందుకే లీచ్ సాక్సులు కావాలి. అవి దొరక్కపోతే ఏం ఫర్వాలేదు, మా వీధి టైలర్ దగ్గర మందపాటి దగ్గర నేత కాటన్ గుడ్డ ఇచ్చి, మోకాలి దాకా వచ్చే సంచిలాగా, పైన నాడా పెట్టి నాలుగు జతలు కుట్టించా, వాటితోనే నలుగురం పని కానిచ్చాం. మామూలు సాక్సు మీద ఈ సంచి, ప్యాంటు దాన్లోకి దోపి, నాడా బిగించి, పైన బూటు. నాన్న ముందు ఇవేం గోలరా అన్నారు, ఏటి దాకా దిగొచ్చాక ఆ గుడ్డ మీద మూడు జలగలు పాకుతుంటే చూసి ఇంకేమీ అనలేదు.

ఒకవేళ కరిస్తే పట్టి లాగేయకండి, ఉప్పు చల్లడం, అగ్గి పెట్టడం కూడా వద్దు, అది కడుపులోది గాయంలోకి కక్కే ప్రమాదం ఉంది. సన్నగా ఉండే కొస తల వైపు, అక్కడ చర్మానికి గోరు ఆనించి పక్కకి తోస్తే పట్టు వదిలేస్తుంది, తర్వాత రెండో కొస కూడా అలాగే. దాని లాలాజలంలో రక్తం గడ్డకట్టనివ్వని పదార్థం ఉంటుంది, అందుకే చిన్న గాయానికే గంటల తరబడి రక్తం కారుతూ ఉండొచ్చు, కంగారు పడకుండా సబ్బుతో కడిగి, దూది పెట్టి గట్టిగా అదిమి కట్టు కట్టండి. రక్తం పలచబడే మాత్రలు వాడే పెద్దవాళ్ళుంటే మాత్రం వెళ్ళేముందు డాక్టర్‌ని అడగాలి. అట్టప్పాడిలో కొట్టత్తర దగ్గర పెద్ద ప్రభుత్వ ఆసుపత్రి ఉంది, ఆ పేరు గుర్తు పెట్టుకోండి.

జీపు రోడ్డు బాగా కుదుపు. నడుం నొప్పి ఉన్నవాళ్ళని ముందు సీట్లో కూర్చోబెట్టండి, వెనక ఎదురెదురు సీట్లలో వద్దు. వాంతులయ్యేవాళ్ళు పొద్దున కడుపు నిండా పరోటాలు తినకుండా రెండు ఇడ్లీలతో సరిపెట్టుకోవాలి. పోయి రావడానికి నాలుగైదు గంటలు పడుతుంది, లోపల తినడానికి ఏమీ దొరకదు. మేం పులిహోర చేసుకుని స్టీలు డబ్బాలో పట్టుకెళ్ళాం, నీళ్ళు స్టీలు బాటిల్లో. చిప్స్ ప్యాకెట్లు, ప్లాస్టిక్ కవర్లు మొదట్నుంచే వద్దు, అడవిలో ఒక్క కవర్ వదిలినా పాపమే. ఫోన్ సిగ్నల్ లోపల ఉండదని అనుకునే వెళ్ళండి, ఇంట్లో వాళ్ళకి ముందే చెప్పండి, ఆఫీసు కాల్స్ పెట్టుకోవద్దు. యూపీఐ మీద నమ్మకం పెట్టుకోకుండా మన్నార్‌క్కాడ్‌లోనే ఏటీఎంలో క్యాష్ తీసుకోండి. భాష గురించి భయం అక్కర్లేదు, అట్టప్పాడిలో మలయాళంతో పాటు తమిళం బాగా నడుస్తుంది, బెంగళూరులో ఉండి నేర్చుకున్న నాలుగు తమిళం ముక్కలు చాలు.

సైరంధ్రిలో 30 మీటర్ల ఎత్తు వాచ్ టవర్ ఉంది. మెట్లు ఎక్కలేకపోతే కిందే ఉండొచ్చు కానీ ఎక్కగలిగితే తప్పకుండా ఎక్కండి, కనుచూపు మేర అడవే, ఒక్క కరెంటు స్తంభం లేదు. కింద కనిపించేది కుంతిపుళ, పుళ అంటే మలయాళంలో నది. అమ్మ ఆ పేర్లు వినగానే ఆగిపోయింది. మాది అనంతపురం జిల్లా, వానలు పడకపోతే గుళ్ళో విరాట పర్వం చదివించేవాళ్ళు, విరాటుడి కొలువులో ద్రౌపది సైరంధ్రిగా ఉన్న కథ అమ్మకి అక్కడ విన్నదే. పాండవులు వనవాసంలో ఇటు వచ్చారని ఇక్కడివాళ్ళ నమ్మకం అని గైడ్ చెప్తుంటే అమ్మ, మేం వాన కోసం పారాయణం చేయించుకున్న సైరంధ్రి ఇంత వాన కురిసే చోట ఉందా అని చాలాసేపు టవర్ దిగలేదు.

అసలు ఈ అడవి ఇవాళ ఇలా ఉండకపోవాల్సింది. 1970ల్లో ఇదే నది మీద కరెంటు కోసం డ్యామ్ కడదామనుకున్నారు, కట్టుంటే ఈ లోయలో అడవి కొంత మునిగిపోయేది. సైన్స్‌ని జనంలోకి తీసుకెళ్ళే కేరళ శాస్త్ర సాహిత్య పరిషత్తు అనే సంస్థ, కవయిత్రి సుగతకుమారి, పక్షుల శాస్త్రవేత్త సలీం అలీ లాంటివాళ్ళు ఏళ్ళ తరబడి పోరాడితే ప్రాజెక్టు ఆగిపోయింది, 1984లో నేషనల్ పార్కుగా ప్రకటించారు, 1985లో రాజీవ్ గాంధీ వచ్చి ప్రారంభించారు. ఇది తెలిసి ఆ టవర్ ఎక్కితే చూసే చూపే వేరు.

సింహపు తోక కోతి కనిపించాలంటే ఓపిక ఉండాలి. నల్లటి మొహం చుట్టూ బూడిదరంగు జూలు, తోక చివర కుచ్చు. పశ్చిమ కనుమల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా అడవిలో ఉండదు, చెట్ల మీదే బతుకుతుంది, నేలకి దిగడం తక్కువ. వెడిప్లావు అనే చెట్టు పూలు, కాయలు దానికి బాగా ఇష్టం, ఆ కాయ చిన్న పనసకాయలాగా ముళ్ళతో ఉంటుంది. గైడ్‌ని ఆ చెట్టు చూపించమని అడిగి, దాని కింద అయిదు నిమిషాలు మాట్లాడకుండా నిలబడండి. మాకు అలాగే కనిపించింది, ముందు పైనుంచి కాయ తొక్కలు రాలాయి, తర్వాత తోక కుచ్చు, చివరికి మొహం. దానికి తిండి చూపించొద్దు, ఫ్లాష్ కొట్టొద్దు. గైడ్‌కి మాత్రం వచ్చేటప్పుడు మీ మనసుకి తోచినంత ఇవ్వండి, ఎక్కువమంది అక్కడి గిరిజన ఊళ్ళ వాళ్ళే, మనం పక్కనుంచి పోయినా చూడలేనివి వాళ్ళే చూపిస్తారు.

తిరిగి జీపు ఎక్కే ముందు ఒకరికొకరు మడమలు, మోకాళ్ళ వెనక, బ్యాగుల అడుగు చూసుకోండి. ఇంటికొచ్చాక బూట్లు, సాక్సులు, బ్యాగు బాల్కనీలోనే దులిపి, ఎండలో ఒక పూట ఆరేసి, అప్పుడు లోపలికి తెచ్చుకోండి.