మామిడి గుజ్జు గోడౌన్‌లో స్టాక్ లెక్కకు ముందు జాగ్రత్తలు

రేపు చిత్తూరు గోడౌన్‌లో బార్‌కోడ్ స్కానర్ పట్టేవాళ్లకు:

- రాత్రే ఛార్జింగ్ పెట్టండి. లైటు వెలిగిందా, వంగి చూడండి. పిన్నుల మీద దుమ్ముంటే ఛార్జింగ్ ఎక్కదు.
- తేదీ, టైము సరిచూడండి. ఐటమ్ లిస్టు కొత్తది దించుకోండి.
- అద్దాన్ని మెత్తటి పొడిగుడ్డతోనే తుడవండి. చొక్కా అంచుతో వద్దు, గీతలు పడతాయి.
- అసలు బోల్తా పడేది ఇక్కడ: తోతాపురి గుజ్జు 3.1 కిలోల డబ్బాలు పెట్టెకు 6 ఉంటాయి. డబ్బా మీద 13 అంకెల బార్‌కోడ్ (మన దేశంలో తీసుకున్నదైతే 890తో మొదలు), పెట్టె మీద సాధారణంగా 14. పెట్టెను స్కాన్ కొట్టి తెరమీద 1 పడిందంటే, అది పెట్టెనా డబ్బానా? ముందే తేల్చుకోండి. పోయినేడు నేను తేల్చుకోక, రాత్రి పదకొండు దాకా మళ్లీ లెక్కపెట్టాను.
- మూల ర్యాకుల్లో వైఫై అందదు. ఆఫ్‌లైన్‌లో సేవ్ అవుతోందా, ఒక్క డబ్బాతో చూసుకోండి.
- నిచ్చెన ఎక్కితే స్కానర్ తాడు మణికట్టుకు.