అనంతపురంలో రోజూ సైకిలు మీద ఆఫీసుకు వెళ్ళేవారు అలవరచుకోవలసిన వింత అలవాట్లు

రోజూ సైకిలు తొక్కుకుంటూ ఉద్యోగానికి వచ్చే మనిషిని ఆఫీసులో ఎవరినీ అడగకుండానే గుర్తుపట్టవచ్చు. అతని ప్యాంటు కుడికాలి అంచు ఒక్కటే మడిచి ఉంటుంది, మాట్లాడుతూ మాట్లాడుతూ కిటికీలోంచి వేపచెట్టు కిందికి చూస్తాడు, టీకి బయటికి వస్తే అక్కడ నిలబెట్టిన ఎవరిదో సైకిలు టైరును బొటనవేలితో నొక్కి చూడనిదే కదలడు. "ఏమప్పా, అది నీ బండి కాదు గదా" అని తోటివారు నవ్వుతారు. పన్నెండేళ్ళుగా కళ్యాణదుర్గం రోడ్డు వైపు నుండి సైకిలు మీదనే ఊళ్ళోకి వస్తున్న నా అనుభవంలో, ఈ అలవాట్లలో ప్రతిదాని వెనకా అనంతపురం ఎండో, గాలో, ముల్లో ఉంది. ఉత్సాహంగా సైకిలు కొని రెండు నెలలకే మూలన పెట్టినవారిలో చాలామందికి కాళ్ళలో సత్తువ లేక కాదు, ఈ చిన్న అలవాట్లు పట్టుబడక దారిలో ఇబ్బంది పడి విసిగిపోయారు. కొత్తగా మొదలుపెట్టేవారికి ఆ ఇబ్బంది తప్పాలని వీటిని వివరంగా రాస్తున్నాను.

అన్నిటికన్నా ముందు అబ్బవలసినది టైరు నొక్కే అలవాటు. ఇంటి నుండి బయలుదేరే ముందు రెండు చక్రాలనూ బొటనవేలితో గట్టిగా నొక్కి చూడాలి. ఎంత గాలి ఉండాలో టైరు పక్కభాగంలోనే అచ్చు వేసి ఉంటుంది. మొదటిసారి గేజీ ఉన్న షాపులో సరిగ్గా ఆ మేరకు గాలి కొట్టించుకొని, వెంటనే టైరును నాలుగైదు సార్లు నొక్కి, ఆ గట్టిదనాన్ని వేలికి గుర్తు చేయండి. ఒక వారం అలా చేస్తే తరువాత గేజీ లేకపోయినా వేలే చెబుతుంది. మనిషి బరువులో ఎక్కువ భాగం వెనక చక్రం మీద పడుతుంది కనుక అది మరింత గట్టిగా ఉండాలి. గాలి తగ్గిన టైరుతో గుంతలో దిగితే ట్యూబు రిమ్ముకూ రాతికీ మధ్య నలిగి, పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. అటువంటి జంట చిల్లులు కనబడినప్పుడు ముల్లు కోసం వెదకనవసరం లేదు, గాలి తక్కువైందని తెలుసుకుంటే చాలు.

ముళ్ళ సంగతి మాత్రం కొంత విడమరచి చెప్పాలి, ఎందుకంటే ఈ ప్రాంతంలో సైకిలుకు అసలు శత్రువు అదే. పల్లేరుకాయ ఎండిన తరువాత ఐదు పలుకులుగా విడిపోతుంది. ఒక్కొక్క పలుకుకు ఉండే గట్టి ముళ్ళ అమరిక ఎటువంటిదంటే, అది నేల మీద ఎలా పడినా దాదాపుగా ఒక ముల్లు పైకి నిలిచే ఉంటుంది. రోడ్డు పక్కన సర్కారు తుమ్మ కొట్టి కంప లాక్కెళ్ళిన రోజున ఆ దారి పొడవునా ముళ్ళు రాలి ఉంటాయి. లారీలు, బస్సులు రేపే గాలికి ఇవన్నీ తారు అంచుకు చేరుతాయి. అందుకే అనుభవమున్న వాడు మట్టి అంచున కాకుండా, తారుకు రెండు మూడడుగులు లోపలగా, తల కొంచెం వంచి నేలను చూస్తూ తొక్కుతాడు. ఏదో పోగొట్టుకొని వెదుకుతున్నాడని చూసేవారు అనుకుంటారు. మట్టి మీదికి దిగక తప్పనప్పుడు, మళ్ళీ తారెక్కగానే సైకిలు ఆపి, చక్రాన్ని పైకెత్తి నెమ్మదిగా తిప్పుతూ చెప్పు అంచుతో టైరును ఒకసారి తుడవాలి. పలుకు టైరులో దిగినా ట్యూబు దాకా వెళ్ళడానికి సాధారణంగా కొన్ని చుట్లు పడుతుంది, ఆ లోపలే రాలగొడితే పంచరు తప్పుతుంది.

ముల్లు అప్పటికే లోతుగా దిగి, గాలి మాత్రం నిలిచి ఉంటే దాన్ని అక్కడికక్కడే పెరకకూడదు. ముల్లే బిరడాగా పనిచేసి చాలాసార్లు షాపు దాకా చేరుస్తుంది. ఈ సంగతి తెలియని రోజుల్లో నేను దారి మధ్యలో ముల్లు పెరికి, మూడు కిలోమీటర్లు సైకిలు నడిపించుకుంటూ వెళితే, పంచరు షాపు పెద్దాయన ట్యూబు నీళ్ళలో ముంచుతూ, "యాడ పెరికితివి సామీ? దాన్ని అట్లే పెట్టుకోని రావల్ల గదా" అని మందలించాడు. పంచరు మీరే వేసుకోదలిస్తే ఈ నాలుగు మాటలు గుర్తుంచుకోండి: ఒక చిల్లు దొరకగానే ఆగిపోక ట్యూబంతా నీళ్ళలో ముంచి చూడాలి. చిల్లు చుట్టూ గరుకు కాగితంతో రుద్దాలి. సొల్యూషన్ పలచగా పూసి, వేలికి అంటుకోనంతగా ఆరిన తరువాతే ముక్క అతికించాలి. టైరు లోపలి వైపు గుడ్డతో చుట్టూ తడిమి, మిగిలిన ముల్లు మొన ఉంటే తీసేయాలి. ఈ చివరి పని మరచినందువల్లనే చాలామందికి మరునాడే అదే చోట మళ్ళీ పంచరు అవుతుంది.

ఇక నీడ. ఉదయం పదింటికి ఆఫీసు ఆవరణలో సైకిలు పట్టుకొని, చెట్టునూ సూర్యుణ్ణీ మార్చి మార్చి చూస్తూ, చివరికి మంచి నీడ వదిలేసి మండుటెండలో స్టాండు వేసే మనిషిని చూస్తే ఎవరికైనా ఆశ్చర్యమే కలుగుతుంది. అయితే అతని లెక్క సరైనది. ఉదయం నీడ చెట్టుకు పడమర వైపు ఉంటుంది, మధ్యాహ్నం తరువాత అది తూర్పుకు తిరుగుతుంది. పడమట పెట్టిన సైకిలు ఒంటిగంట నుండి ఐదింటి దాకా ఎండలో కాలుతుంది, తూర్పున పెట్టినది రెండు గంటలు ఎండకు ఓర్చి తరువాత నీడలోకి వస్తుంది. మార్గశిర, పుష్య మాసాలలో సూర్యుడు దక్షిణానికి జరిగి ఉంటాడు కనుక ఈశాన్యపు పక్కను ఎంచుకోవాలి. వేసవిలో 40 డిగ్రీలు దాటే రోజులు మనకు కొత్త కాదు, ఆ ఎండకు నల్లటి రెక్సిన్ సీటు కూర్చోనివ్వదు. అంతకంటే ముఖ్యంగా, రోజుల తరబడి ఎండకు గురైన టైరు రబ్బరు బీటలు వారుతుంది, వాల్వులోని సన్నని రబ్బరు గొట్టం కూడా చివికి నెమ్మదిగా గాలి వదులుతుంది. కిటికీలోంచి చూపు వేపచెట్టు కిందికి వెళ్ళేది ఇందుకే.

జూన్ నుండి ఆగస్టు దాకా నైరుతి రుతుపవనాల గాలి పడమటి నుండి ఏకధాటిగా వీస్తుంది. ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్న రామగిరి కొండల మీద గాలిమరలు నిలిపింది ఈ బలాన్ని చూసే. పడమటి నుండి ఊళ్ళోకి వచ్చే నాకు ఉదయం గాలి వెనకనుండి తోస్తుంది, సాయంత్రం ముఖాన కొడుతుంది, పైగా పొద్దుటికంటే మధ్యాహ్నం తరువాతే అది జోరుగా ఉంటుంది. గంటకు 15 కిలోమీటర్ల వేగంతో వెళ్ళేవాడికి అంతే వేగంతో ఎదురుగాలి తగిలితే, గాలి వెనక్కి నెట్టే బలం నాలుగు రెట్లవుతుంది. రెట్టింపు అనుకొని బయలుదేరినవారు సగం దారిలో ఆయాసపడటానికి కారణం ఇదే. ఆషాఢంలో సైకిలు వాళ్ళు మేడమీద ఆరేసిన బట్టలనూ, పార్టీ జెండాలనూ పరీక్షగా చూడటం కూడా ఈ లెక్కలో భాగమే. జెండా గట్టిగా చాచుకొని రెపరెపలాడుతుంటే ఇంటికి చేరడానికి పావుగంట ఎక్కువ పడుతుందని ముందే అనుకోవాలి, మోచేతులు వంచి నడుము దించాలి, వేగం కోసం పట్టుబట్టకుండా పెడలు ఒకే లయలో తిప్పాలి.

కుడికాలి ప్యాంటు మాత్రమే మడవడానికి కారణం చైను కుడివైపున ఉండటం. రబ్బరు బ్యాండు గానీ క్లిప్పు గానీ వాడండి, ఆఫీసు మెట్ల దగ్గరే తీసి జేబులో వేసుకోండి. చైనుకు వంటనూనె వేయడం మన ఇళ్ళలో ఉన్న అలవాటు, ముఖ్యంగా శనగనూనె చేతికి అందుబాటులో ఉంటుంది కనుక. దయచేసి ఆ పని చేయవద్దు. ఆ నూనె కొన్నాళ్ళకు జిగురులా గట్టిపడి, మన దుమ్మునంతా పట్టి ఉంచుతుంది. కుట్టుమిషన్ నూనె ఒక్కొక్క లింకుకు ఒక్కొక్క చుక్క వేసి, పెడలు వెనక్కి తిప్పి, పైన మిగిలినదంతా గుడ్డతో తుడవాలి, ఎందుకంటే నూనె పని చేసేది లింకుల లోపలే. సైకిలు చైనులో ఒక్కొక్క లింకు అర అంగుళం. 12 అంగుళాల స్కేలు చైను మీద పెట్టి, ఒక పిన్ను సున్నా దగ్గర ఉంచితే 24 లింకుల తరువాతి పిన్ను సరిగ్గా 12 మీద ఉండాలి. అది 12 గీతను అంగుళంలో పదహారో వంతు దాటి ఉంటే చైను మార్చండి, లేకపోతే పళ్ళ చక్రం కూడా అరిగి ఖర్చు పెరుగుతుంది.

చెమట గురించి కొత్తవారు ఎక్కువగా భయపడతారు. తొక్కుతున్నంతసేపూ గాలి దాన్ని ఆరుస్తూనే ఉంటుంది, ఆగిన తరువాతి పది నిముషాలలోనే చొక్కా తడుస్తుంది. చివరి అర కిలోమీటరు నెమ్మదిగా తొక్కి, పావుగంట ముందు చేరి, ఒళ్ళు చల్లబడిన తరువాత చొక్కా మార్చుకోవాలి. సోమవారం నాడు వారానికి సరిపడా చొక్కాలు తెచ్చి బీరువాలో పెట్టుకునే సైకిలువాడి ఫైళ్ళ మధ్య తువ్వాలు, దువ్వెన, ఉప్పు వేసిన మజ్జిగ సీసా కనిపించడం అందుకే.

వాన మన ఊరికి తక్కువే, ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు, అందులోనూ సెప్టెంబరులో ఎక్కువ. సీటుకు ఒక ప్లాస్టిక్ సంచి, హ్యాండిలుకు మరొకటి చాలు. తడిసిన ఇనుప రిమ్ము మీద బ్రేకు రబ్బర్లు బాగా జారుతాయి, కనుక చాలా ముందుగానే మెల్లగా పట్టడం మొదలుపెట్టాలి.

సీటు విషయంలో మాత్రం నేను ఎవరి మాటా వినను. మడమ పెడలు మీద ఉంచి, పెడలు పూర్తిగా కిందికి వచ్చినప్పుడు మోకాలు తిన్నగా చాచుకునే ఎత్తే సరైన ఎత్తు. దానికన్నా తక్కువైతే మోకాళ్ళు నొస్తాయి. ఎవరైనా సైకిలు అడిగి తీసుకుంటే మొదట చేసే పని సీటు దించడమే, తిరిగి ఇచ్చేటప్పుడు ఎత్తాలన్న సంగతి ఎవరికీ గుర్తుండదు. సీటు గొట్టం మీద రంగుతో సన్నని గీత గీసి పెట్టుకుంటే ఆ బాధ ఉండదు.

ఇక మిగిలింది బెల్లు. తెల్లవారి పాలు పోసేవారు, పేపరు వేసే పిల్లలు, రాత్రి డ్యూటీ ముగించి ఇంటికి వెళ్ళే వాచ్‌మన్లు, రోజూ అదే వేళకు అదే దారిలో ఎదురవుతారు. వారి పేర్లు తెలియకపోయినా, ఎదురుపడినప్పుడు ఒక్కసారి బెల్లు కొట్టండి. వారం తిరిగేసరికి వారే ముందుగా కొడతారు, పైగా ఆ దారిలో కంప కొట్టిన చోటు ఎక్కడో కూడా చెప్పి వెళ్తారు.