ఇంటి దగ్గరే కారు పని చేసుకోవడానికి చిన్న వర్క్‌షాప్ ఎలా పెట్టుకోవాలి?

ఇంజిన్ ఆయిల్ మార్చడం, ఎయిర్ ఫిల్టర్ మార్చడం, బ్రేక్ ప్యాడ్లు ఎంత అరిగాయో చూడటం, ముందు టైర్లు వెనక్కి వేయడం. ఇలాంటి పనులకు సర్వీస్ సెంటర్‌లో సగం రోజు కూర్చోనక్కర్లేదు. ఇంటి ముందు పోర్టికో ఉన్నా, కింద పార్కింగ్ ఉన్నా చాలు. కానీ చాలామంది మొదట చేసే పని ఆన్‌లైన్‌లో వంద పీసుల టూల్ కిట్ కొనేయడం. అందులో సగం ఎప్పటికీ పెట్టెలోంచి బయటికి రావు. ముందు ఖర్చు పెట్టాల్సింది కారును ఎత్తి నిలబెట్టే సామాను మీద, కరెంటు మీద, మంటలార్పే సిలిండర్ మీద. పానాలు పని పడినప్పుడల్లా కొనుక్కోవచ్చు.

1. చోటు

నేల చదునుగా, గట్టిగా ఉండాలి. కాంక్రీటు గచ్చు అన్నిటికంటే మేలు. గేటు దగ్గరి ర్యాంప్ మీద కారు ఎత్తే ఆలోచనే వద్దు. పార్కింగ్ టైల్స్, పేవర్ బ్లాకులు ఉన్నచోట జాకీ బరువంతా ఒకే చోట పడి టైల్ పగులుతుంది, బ్లాకు కుంగుతుంది. ముప్పావు అంగుళం మందం, అడుగు పొడవు, అడుగు వెడల్పు ఉన్న ప్లైవుడ్ ముక్కలు నాలుగు కోయించి పెట్టుకోండి, ఆ సమస్య తీరిపోతుంది. చిన్న కారు వెడల్పు సుమారు 1.7 మీటర్లు ఉంటుంది. పని చేసే వైపు కనీసం మూడడుగుల జాగా లేకపోతే పానా తిప్పడానికి చెయ్యి ఆడదు.

2. కరెంటు, వెలుతురు, మంట

టీవీకి వాడే సన్నవైరు ఎక్స్‌టెన్షన్ బోర్డు ఇక్కడ పనికిరాదు. ఎర్త్ ఉన్న 16 ఆంపియర్ల సాకెట్ ఒకటి పెట్టించి, ఆ లైనుకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ వేయమని ఎలక్ట్రీషియన్‌కు చెప్పండి. తడి నేల మీద షాక్ కొడితే కాపాడేది అదే. పైన రెండు ఎల్ఈడీ ట్యూబులు, తలకు పెట్టుకునే లైటు ఒకటి ఉంటే సరిపోతుంది. ఫోన్ టార్చ్‌ను నోట్లో పెట్టుకుని ఎంతసేపని పని చేస్తారు?

ఐఎస్ఐ మార్కున్న ఏబీసీ పౌడర్ సిలిండర్ గోడకు తగిలించండి. అది బానెట్ పక్కన కాకుండా, బయటికి వెళ్ళే దారిలో ఉండాలి. పెట్రోలు మంట మీద నీళ్ళు పోస్తే మంట ఇంకా పాకుతుంది. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు కాబట్టి నేలబారున పేరుకుంటుంది. అందుకే క్యాన్లలో పెట్రోలు దాచొద్దు. షట్టర్ వేసి ఇంజిన్ స్టార్ట్ చేయడం కూడా ప్రాణాంతకమే, ఎందుకంటే పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.

3. కారును ఎత్తడం

అసలు జాగ్రత్త అంతా ఇక్కడే. కారుతో వచ్చే మడత జాకీ రోడ్డు మీద టైరు మార్చుకోవడానికి మాత్రమే. ఇంట్లో పనికి చక్రాలున్న హైడ్రాలిక్ ట్రాలీ జాకీ, రెండు జాకీ స్టాండ్లు, చక్రాలకు అడ్డంపెట్టే చెక్క దిమ్మెలు నాలుగు కొనండి. స్టాండ్లలో అడ్డంగా పిన్ను దూర్చే రకం నాకు నమ్మకంగా అనిపిస్తుంది. పిన్ను సరిగ్గా కూర్చుందో లేదో కంటికి కనిపిస్తుంది. సిమెంట్ ఇటుకలు పేర్చి దాని మీద కారు నిలబెట్టేవాళ్ళను చూస్తుంటాం. ఇటుక ముందస్తుగా చెప్పకుండా ఒక్కసారిగా పగులుతుంది.

వరుస ఇదీ:

- హ్యాండ్ బ్రేక్ వేసి, ఫస్ట్ గేర్‌లో (ఆటోమేటిక్ అయితే పి లో) పెట్టండి. ఎత్తని వైపు చక్రాలకు ముందూ వెనకా దిమ్మెలు పెట్టండి. చాలా కార్లలో హ్యాండ్ బ్రేక్ వెనక చక్రాలకే పని చేస్తుంది. వెనక ఎత్తారంటే దాని పని అయిపోయినట్టే, అప్పుడు ఆ దిమ్మెలే దిక్కు.
- చక్రం విప్పాలంటే, కారు నేల మీద ఉండగానే నట్లను కాస్త వదులు చేయండి.
- ఓనర్స్ మాన్యువల్లో చూపించిన పాయింట్ దగ్గరే జాకీ పెట్టండి. ఇంకెక్కడ పెట్టినా రేకు వంగుతుంది.
- ఎత్తాక స్టాండు పెట్టి, కారు బరువు స్టాండు మీదికి దించండి. జాకీని ఊరికే తగిలేలా ఉంచండి.
- బంపర్ పట్టుకుని గట్టిగా ఊపి చూడండి. కదలకపోతేనే కిందికి దూరండి. విప్పిన చక్రాన్ని కూడా బాడీ కింద పడుకోబెడితే ఇంకో అడ్డు ఉన్నట్టు.

లుంగీతో కారు కిందికి వెళ్ళొద్దు. ఉంగరం, కడియం, వాచీ తీసేయండి. బ్యాటరీ ప్లస్ టెర్మినల్‌కూ బాడీకీ మధ్య కడియం తగిలితే క్షణంలో ఎర్రగా కాలిపోతుంది. బ్యాటరీ విప్పేటప్పుడు నెగటివ్ వైరు ముందు తీసి, బిగించేటప్పుడు చివర్లో పెట్టడం కూడా ఇందుకే.

4. పానాలు

అర అంగుళం డ్రైవ్ సాకెట్ సెట్, రింగ్ స్పానర్లు, స్క్రూడ్రైవర్లు, కటింగ్ ప్లేయర్. తపారియా లాంటి నాసిక్ సరుకు ఇంటి పనికి దిట్టంగా సరిపోతుంది. మారుతి, టొయోటా కార్లకు ఎక్కువగా 10, 12, 14, 17 మిల్లీమీటర్ల సైజులు కావాలి. యూరప్ కంపెనీల కార్లకు 13, 16 తోపాటు నక్షత్రం ఆకారపు టార్క్స్ బిట్లు కూడా అవసరం. సాకెట్లు ఆరు మూలలవే తీసుకోండి. పన్నెండు మూలలవి తుప్పుపట్టిన బోల్టు తలను గుండ్రంగా చెక్కేస్తాయి. చేత్తో పట్టుకుని చూసి కొనాలంటే సికింద్రాబాద్ రాణిగంజ్, విజయవాడ ఆటోనగర్ ఉన్నాయి.

తర్వాత టార్క్ రెంచ్, అంటే నట్టును ఎంత బలంతో బిగించాలో సెట్ చేసుకునే పానా. వీల్ స్పానర్ మీద కాలుపెట్టి తొక్కితే నట్టు ఎక్కే స్టడ్డు సాగుతుంది, మళ్ళీ రోడ్డు మీద పంక్చరైతే నట్టు ఊడిరాదు. మాన్యువల్లో ఉన్న న్యూటన్ మీటర్ల లెక్కకు సెట్ చేసి, నట్లను ఎదురెదురుగా బిగించండి. టిక్కుమన్నాక ఆపేయాలి. నట్లు విప్పడానికి ఈ రెంచ్ వాడొద్దు. పనయ్యాక తక్కువ అంకెకు తిప్పి పెట్టండి, లేకపోతే లోపలి స్ప్రింగ్ నీరసించి లెక్క తప్పుతుంది.

విప్పిన బోల్టులకు వంటింట్లోంచి ఒక స్టీలు పళ్ళెం తెచ్చుకుని, అడుగున పాత స్పీకర్ అయస్కాంతం టేపుతో అంటించండి. ఎయిర్ కంప్రెసర్ మొదట్లోనే అక్కర్లేదు. టైర్లలో గాలికి 12 వోల్టుల చిన్న పంపు చాలు, పైగా కింది పోర్షన్ వాళ్ళతో గొడవ ఉండదు.

5. సామాను చూసుకోవడం

విశాఖ, కాకినాడ లాంటి సముద్రం పక్క ఊళ్ళలో ఉప్పుగాలికి పానాలు త్వరగా తుప్పు పడతాయి. పనయ్యాక గ్రీజు తుడిచి, ఇంజిన్ ఆయిల్ తడిపిన గుడ్డతో ఒకసారి రుద్ది పెట్టండి. జాకీని పూర్తిగా దించి ఉంచాలి. ఎత్తిన కారు దానంతటదే మెల్లగా దిగుతుంటే ఆయిల్ తగ్గిందో, సీలు పోయిందో చూడాలి. దాంట్లో హైడ్రాలిక్ జాక్ ఆయిలే పోయాలి, బ్రేక్ ఆయిల్ పోస్తే రబ్బరు సీళ్ళు పాడవుతాయి. ఎప్పుడైనా కంప్రెసర్ కొంటే, వాడిన ప్రతిసారీ ట్యాంకు కింది వాల్వు విప్పి నీళ్ళు వదిలేయండి.

దసరా ఆయుధపూజ ఎలాగూ ఉంది. ఆ వారమే అన్నీ బయటపెట్టి, స్టాండ్ల వెల్డింగులో పగుళ్ళున్నాయేమో, సిలిండర్ ముల్లు పచ్చగీతలో ఉందో లేదో చూసేయండి. పూజయ్యాక మాత్రం తడి పసుపు కుంకుమ అలాగే వదిలేయొద్దు, వాటి కింద తుప్పు మొదలవుతుంది.

ఇక ఎలుకలు. తినే వస్తువులు, అట్టపెట్టెలు, గుడ్డపీలికలు మూలన పడేస్తే అవి కాపురం పెడతాయి, తర్వాత బానెట్‌లో వైర్లు కొరుకుతాయి. నూనె గుడ్డలను మూత ఉన్న రేకు డబ్బాలో వేయండి.

6. పాత ఆయిల్

చిన్న కారు నుంచి మూడు నాలుగు లీటర్లు వస్తుంది కాబట్టి ట్రే అంతకంటే పెద్దదిగా ఉండాలి. కొత్త ఆయిల్ వచ్చిన డబ్బాలోనే పాతది పోసి, రీసైక్లింగ్‌కు పంపే గ్యారేజీలో ఇచ్చేయండి. మురుగు కాలవలో పోయకూడదు. వాడిన ఆయిల్ మన చట్టంలో ప్రమాదకర వ్యర్థం. నేల మీద ఒలికితే రంపపు పొట్టు చల్లి, పీల్చుకున్నాక ఊడ్చండి.

7. ముట్టుకోకూడనివి

ఎయిర్ బ్యాగులు, ఏసీ గ్యాస్, సీఎన్‌జీ పైపులు, ఎలక్ట్రిక్, హైబ్రిడ్ కార్లలోని నారింజ రంగు వైర్లు ఇంట్లో విప్పే సరుకు కాదు. బ్రేక్ ప్యాడ్లు చూడటం వరకు మీరు చేయొచ్చు. మొదటిసారి మార్చేటప్పుడు మాత్రం తెలిసిన మెకానిక్‌ను పక్కన నిలబెట్టుకోండి. కారు ఇంకా వారంటీలో ఉంటే ఏ పని ఇంట్లో చేస్తే వారంటీ పోతుందో కాగితాల్లో చదివాకే పానా పట్టండి, కొన్న ఆయిల్, ఫిల్టర్ల బిల్లులు దాచిపెట్టండి.