పరాయి దేశం జప్తు చేసిన ఆస్తికి పరిహారం లెక్క కట్టడం – 4వ పాఠం: సాయం ఆపితే డబ్బు వస్తుందా?

కిందటి పాఠంలో కాగితాలు పోగుచేశాం: దస్తావేజు, పన్ను రసీదులు, చిట్టా ఆవర్జాలు, జప్తు నోటీసు. ఈసారి రెండు పనులు. ఆ కాగితాల నుంచి ఒక మొత్తం తేల్చాలి. ఆ మొత్తం రాబట్టడానికి ఆస్తి పోయినవాళ్ల ప్రభుత్వం చేతిలో ఏ పట్టు ఉందో చూడాలి. బర్మాలోని రంగూన్ నుంచి మద్రాసు రేవుకు ఓడల్లో వచ్చిన కుటుంబాలు చెన్నైలో ఇంకా ఉన్నాయి కాబట్టి లెక్కకు అలాంటి కుటుంబాన్నే ఉదాహరణగా తీసుకుందాం.

పెరంబూరులో ఉంటున్న ఒక తెలుగు కుటుంబానికి రంగూన్‌లో బియ్యం మిల్లు ఉండేదనీ, 1964లో దాన్ని బర్మా ప్రభుత్వం తీసుకుందనీ అనుకోండి. యంత్రాలు కొన్నది నాలుగేళ్ల ముందు, 40,000 క్యాట్లకు (క్యాట్ బర్మా కరెన్సీ). ఏడాదికి పది శాతం చొప్పున తరుగుదల తీస్తే 24,000 మిగులుతుంది. స్థలం, షెడ్డు ఆనాటి బజారు ధరకు 30,000. గోదాములో ధాన్యం, బియ్యం 18,000. రావలసిన బాకీలు 15,000, అందులో మొండి బాకీలు 3,000 పోగా 12,000. మొత్తం 84,000. బ్యాంకుకు తీర్చాల్సిన 14,000 తీసేస్తే నికరం 70,000.

తప్పులు దొర్లేది సాధారణంగా ఇక్కడే. బ్యాంకు అప్పు తీసేయడం మరిచిపోతారు. గోదాములోని ధాన్యం విలువ వేసి, ఆ ధాన్యం అమ్మితే వచ్చే లాభాన్నీ మళ్లీ కలుపుతారు. ఒకే సరుకును రెండుసార్లు లెక్కించారని తెలియగానే పరిశీలించేవాళ్లు మిగతా అంకెలన్నిటినీ అనుమానిస్తారు. ఇక ధర ఏ రోజుది? జప్తు రోజుది కాదు, జప్తు వార్త పొక్కకముందుది. వార్త బయటికి రాగానే ధర పడిపోతుంది, పడిపోయిన ధరే అసలు ధర అని తీసుకున్న ప్రభుత్వం వాదిస్తుంది. 1964 మేలో బర్మా 50, 100 క్యాట్ల నోట్లను రద్దు చేసింది. ఆ నష్టాన్ని ఈ మొత్తంలో కలపకండి. అది అందరికీ వర్తించిన చర్య, మీ మిల్లు మీద తీసుకున్నది కాదు. విడి కాగితం మీద రాయండి.

వడ్డీకి సాధారణ లెక్కే వాడండి. ఆరు శాతం చొప్పున ఏడాదికి 4,200, ఎనిమిదేళ్లకు 33,600. చక్రవడ్డీ వేస్తే సుమారు 8,000 ఎక్కువ వస్తుంది గానీ, క్యూబా జప్తు చేసిన అమెరికన్ల ఆస్తుల మీద క్లెయిములను, అంటే పరిహారం కోరే దావాలను, పరిశీలించిన అమెరికా క్లెయిముల కమిషన్ ఆమోదించింది ఆరు శాతం సాధారణ వడ్డీనే.

ఇక పట్టు సంగతి, అంటే జప్తు చేసిన దేశానికి సాయం ఆపడం. దీనికి అమెరికా ఉదాహరణ చూద్దాం. 1962లో అమెరికా విదేశీ సాయం చట్టానికి సెనేటర్ హికెన్‌లూపర్ సవరణ చేర్చారు. అమెరికన్ పౌరుల ఆస్తినో, సగమైనా వాళ్ల చేతిలో ఉన్న కంపెనీ ఆస్తినో తీసుకున్న దేశం ఆరు నెలల్లోగా పరిహారానికి తగిన చర్యలు మొదలుపెట్టకపోతే సాయం ఆపాలి. గడువులోగా పూర్తి డబ్బు చెల్లించాలని అందులో లేదు, చర్యలు మొదలైతే చాలు. చదివేవాళ్లు ఎక్కువగా పొరబడేది ఈ మాట దగ్గరే. 1973 నుంచి అధ్యక్షుడికి మినహాయింపు ఇచ్చే అధికారం కూడా వచ్చింది.

ఈ సవరణ కింద సాయం ఆగింది సిలోన్‌కు (నేటి శ్రీలంక). 1962లో అక్కడి ప్రభుత్వం ఎస్సో, కాల్టెక్స్ బంకులు తీసుకుంది, 1963 ఫిబ్రవరిలో అమెరికా సాయం నిలిపింది. 1965లో కొత్త ప్రభుత్వం వచ్చి ఒప్పందం చేసుకున్నాకే సాయం మళ్లీ మొదలైంది. అంటే కంపెనీలు రెండేళ్లకు పైగా ఆగాయి. పెరూలో 1968లో ఇంటర్నేషనల్ పెట్రోలియం కంపెనీని సైన్యం స్వాధీనం చేసుకున్నా సవరణను లాంఛనంగా అమలు చేయలేదు, ఆ బెదిరింపును అట్టే వేలాడదీశారు. చివరికి 1974లో పెరూ 7.6 కోట్ల డాలర్లు గుత్తగా, అంటే క్లెయిములన్నిటికీ కలిపి ఒకే మొత్తంగా, అమెరికా ప్రభుత్వానికి ఇచ్చింది. ఆ కంపెనీకి ఇవ్వలేదని పెరూ చెప్పుకుంది, పంపకం మాత్రం అమెరికా చేతిలోనే ఉంది. క్యూబాకు అసలు సాయమే లేదు కనుక ఆపడానికీ ఏమీ లేదు. క్యూబా జప్తుల మీద అమెరికా కమిషన్ దగ్గర 8,816 క్లెయిములు దాఖలైతే 1972 నాటికి 5,911 ఖరారయ్యాయి, చెల్లింపు మాత్రం నేటికీ లేదు.

గుత్త ఒప్పందంలో మీ 70,000 ఎంత అవుతుందో చూడండి. ఖరారైన క్లెయిములన్నీ కలిపి పది కోట్లు, వచ్చింది నాలుగు కోట్లు అనుకుంటే ప్రతి ఒక్కరికీ నలభై శాతమే, మీకు 28,000. అందుకని అంకె పెంచి రాయడం తెలివి కాదు. పెంచినది కొట్టివేతకు గురవుతుంది, నిజాయితీగా తేల్చింది నలభై శాతానికైనా నిలుస్తుంది.

మరో మెలిక పౌరసత్వం. జప్తు రోజు నుంచి క్లెయిము దాఖలయ్యేదాకా మీది ఒకే దేశ పౌరసత్వం కావాలి. మిల్లు పోయిననాటికి తాతగారు బర్మా పౌరసత్వం తీసుకుని ఉంటే, తర్వాత చెన్నై వచ్చి భారతీయుడైనా భారత ప్రభుత్వం ఆ క్లెయిమును తనదిగా ఎత్తుకోలేదు. క్యూబా క్లెయిముల్లోనూ జప్తు రోజున క్యూబా పౌరులుగా ఉండి తర్వాత అమెరికన్లైనవాళ్లకు ఆ కమిషన్ దగ్గర చోటు దొరకలేదు. కాబట్టి లెక్క మొదలుపెట్టే ముందే పాత పాస్‌పోర్టు, విదేశీయుల నమోదు పత్రం తీసి తేదీలు చూసుకోండి.

అభ్యాసం: పై మిల్లులో యంత్రాలు ఆరేళ్ల పాతవి, బ్యాంకు అప్పు 20,000 అని మార్చి నికరం తేల్చండి. దాని మీద ఐదేళ్ల సాధారణ వడ్డీ వేసి, ముప్పై శాతం గుత్త చెల్లింపులో అసలు మీద ఎంత చేతికొస్తుందో రాయండి. జవాబు, వారసుల మధ్య పంపకం వచ్చే పాఠంలో.