ముళ్లు బిగించే ముందు తేదీని తిప్పండి

ఆటోమేటిక్ వాచీలో పాత మిషన్ తీసి సీకో ఎన్‌హెచ్35 బిగించిన తరువాత, అంతా బాగానే నడుస్తున్నా తేదీ మాత్రం అర్ధరాత్రి కాకుండా సాయంత్రం నాలుగింటికో ఐదింటికో మారుతూ విసిగిస్తుంది. ముళ్లు పెట్టకముందే దీన్ని సరిచేసుకోవాలి. డయల్ అమర్చి, క్రౌన్‌ను (వాచీ పక్కన ఉండే తిప్పుడు బిరడాను) రెండు మెట్లు బయటికి లాగి, సమయం ముందుకు జరిగే దిశలోనే మెల్లగా తిప్పుతూ, కిటికీలో తేదీ మారిన క్షణాన ఆపి, గంటల ముల్లును, నిమిషాల ముల్లును, చివరగా సెకన్ల ముల్లును సరిగ్గా 12 మీద నిలువుగా నొక్కాలి. కాస్త దాటిపోయిందని వెనక్కి తిప్పితే పళ్లచక్రాల మధ్య ఉండే వదులు వల్ల లెక్క తప్పుతుంది కనుక, ఓపికగా మరో 24 గంటలు ముందుకే తిప్పుకోవాలి. మొదటి మెట్టులో తేదీ మార్చే పనిని మాత్రం వాచీ రాత్రి 9కీ తెల్లవారుజాము 4కీ మధ్య ఉన్నప్పుడు చేయకూడదు. పళ్లు విరిగే ప్రమాదం ఉంది.